మబ్బు పేరు చెప్పండి: వాతావరణ సూచనలు రాసేవారికి ఒక బహిరంగ లేఖ

మన రెండు తెలుగు రాష్ట్రాలకు రోజూ వాతావరణ సూచనలు రాసే అధికారులకు, వాటిని టీవీల్లో చదివే, పత్రికల్లో అచ్చువేసే మిత్రులకు,

నమస్కారం.

పల్నాడులో, పడమటి దిక్కున నల్లమల కొండలు నీలంగా కనిపించే ఒక ఊరి నుంచి ఈ ఉత్తరం రాస్తున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు ఉన్నత పాఠశాలల్లో భౌతికశాస్త్రం చెప్పాను. పదవీ విరమణ తరువాత మా నాన్నగారు వదిలివెళ్లిన మూడెకరాల్లో మిరప వేస్తున్నాను. మీరు రాసే రెండు వాక్యాల కోసం పొద్దున్నే ఫోను తీసి చూసేవాళ్లలో నేనొకణ్ని. ఈ ఉత్తరం మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు. మీ దగ్గర ఉన్న తెలివి మా కల్లం దాకా ఎందుకు చేరడం లేదో చెప్పడానికి.

రెండేళ్ల కిందటి మార్చి నెల. మూడో కోత కాయ కల్లంలో ఉంది. ఎనిమిది రోజులు ఎండింది, ఇంకో రెండు రోజులు ఎండితే బస్తాలకు ఎత్తవచ్చు. గుప్పెడు తీసుకుని చెవి దగ్గర ఊపితే లోపల గింజ గలగలలాడుతోంది. ఆ వారం ఐదు రోజులపాటు మా ఫోన్లకు ఒకే సందేశం వచ్చింది: "రాగల 24 గంటల్లో జిల్లాలో ఒకటి రెండు చోట్ల ఉరుములు, మెరుపులతో కూడిన తేలికపాటి నుంచి ఓ మోస్తరు వర్షాలు కురిసే అవకాశం ఉంది." మొదటి రోజు సాయంత్రం కాయంతా కుప్పలు చేసి పట్టాలు కప్పాం. చుక్క పడలేదు. రెండో రోజూ అంతే. మూడో రోజు పట్టా ఎత్తి చూస్తే అడుగున కాయకు ఉక్క పట్టి మెత్తబడింది. ఇంకా కప్పితే బూజు పట్టడం ఖాయం. నాలుగో రోజు కప్పలేదు. ఐదో రోజూ కప్పలేదు.

ఐదో రోజు మధ్యాహ్నం రెండున్నరప్పుడు కాయ తిరగేస్తున్న ఒక కూలీ అమ్మ నడుము నిటారుగా నిలబెట్టి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "మాస్టారూ, కొండ మీద మబ్బు లేస్తోంది, కప్పుకుందామా" అంది. నేనూ చూశాను. నల్లమల మీద తెల్లటి మబ్బు కాలీఫ్లవర్ పువ్వులా బుడిపెలు బుడిపెలుగా పైకి లేస్తోంది. అంచులు కత్తితో కోసినంత పదునుగా ఉన్నాయి. ఐదు రోజులుగా చూస్తున్న సందేశమే కదా అనుకున్నాను. మూడున్నరకు ఆ మబ్బు తలమీద బుడిపెలు పోయాయి. అది నునుపుగా మారి, కమ్మరి ఇనుము పెట్టి కొట్టే దాగలి దిమ్మలా మా వైపుకు, అంటే తూర్పుకు, సాగింది. నాలుగుంబావుకు ఉన్నట్టుండి చల్లటి గాలి కొట్టింది. ఆ గాలిలో తడిసిన మట్టి వాసన ఉంది. పట్టాలు తెచ్చేలోపే గాలి వాటిని చేతుల్లోంచి లాక్కుపోయింది. ఇరవై ఐదు నిమిషాలు వాన, మధ్యలో కాసేపు వడగళ్లు. పద్నాలుగు క్వింటాళ్ల కాయ నీళ్లలో తేలింది. మళ్లీ ఎండబెట్టాం, కానీ రంగు పోయింది. సగానికి పైగా తాలు కాయ కింద అమ్ముకోవలసి వచ్చింది. రెండు కిలోమీటర్ల అవతల పక్క ఊళ్లో ఆ సాయంత్రం నేల కూడా తడవలేదు.

సూచన అబద్ధం కాలేదు. అందులో చెప్పిన "ఒకటి రెండు చోట్ల"లో ఒక చోటు మా ఊరే. ముప్పై ఒక్క ఏళ్లు పిల్లలకు సాంద్రీకరణం, అంటే ఆవిరి నీరుగా మారడం, గురించి పాఠం చెప్పిన నేను కళ్లెదుట లేస్తున్న మబ్బును చదవలేకపోయాను. చదువు లేని ఆ అమ్మ చదివింది. ఆ రాత్రి నుంచి మీ మాటలకు అర్థమేమిటో వెతకడం మొదలుపెట్టాను.

వెతికితే తెలిసింది, ఆ మాటల్లో ఒక్కటీ ఊరకే వాడింది కాదని. ఒక ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నూటికి పాతికలోపు చోట్ల వాన పడుతుందనుకుంటే "ఒకటి రెండు చోట్ల" అంటారు. పాతిక దాటి సగం వరకు అయితే "కొన్ని చోట్ల". సగం దాటితే "అనేక చోట్ల", మూడు వంతులు దాటితే దాదాపు అన్ని చోట్లా అని అర్థం. వాన పరిమాణానికీ ఇలాగే కొలత ఉంది. 24 గంటల్లో 15.5 మిల్లీమీటర్ల లోపు తేలికపాటి వాన. అక్కడి నుంచి 64.4 వరకు ఓ మోస్తరు. 64.5 నుంచి భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.5 దాటితే అత్యంత భారీ. ఎంత చక్కని లెక్క! ఈ లెక్కను మా ఊళ్లో ఎవరికీ ఎవరూ చెప్పలేదు. "ఓ మోస్తరు" అంటే కొంచెం గట్టి జల్లు అనుకుంటాడు రైతు. ఎకరం నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే నాలుగు వేల లీటర్ల నీళ్లు. ఆ లెక్కన 16 మిల్లీమీటర్లంటే ఎకరానికి అరవై నాలుగు వేల లీటర్లు, 64 మిల్లీమీటర్లంటే రెండున్నర లక్షల లీటర్లు. రెండూ మీ భాషలో ఓ మోస్తరే. కల్లంలో కాయ పోసినవాడికి ఈ రెంటికీ మధ్య ఒక ఏడాది బతుకు ఉంది.

అంతకన్నా పెద్ద సంగతి, ఎన్ని మిల్లీమీటర్లన్నదే వానకు పూర్తి లెక్క కాదు. అదే ఇరవై మిల్లీమీటర్లు పద్నాలుగు గంటలు ముసురు పట్టి కురవవచ్చు, పావుగంటలో గాలివానగా కురవవచ్చు. ముసురుకు పత్తి చేను తడుస్తుంది, నీరు నిదానంగా ఇంకుతుంది, కొట్టిన మందు కారిపోతుంది, ఎవరికీ ప్రాణభయం ఉండదు. గాలివానకు అరటి తోట పడిపోతుంది, మామిడి రాలుతుంది, చెట్టు కింద నిలబడిన మనిషి మీద పిడుగు పడుతుంది. మన భాషలో ఈ తేడా పుట్టుకతోనే ఉంది. తుంపర, జల్లు, ముసురు, జడివాన, గాలివాన, వడగళ్ల వాన, కుంభవృష్టి. ఇవి కవులు అలంకారం కోసం కట్టుకున్న మాటలు కావు. ఒక్కో మాట వెనక ఒక్కో రకం మబ్బు ఉంది. తుంపర రాల్చే మబ్బు వడగళ్లు కురవదు. ముసురు పట్టే మబ్బు పిడుగు వేయడం అరుదు. మీ సూచనలో ఈ మాటలన్నీ చెరిగిపోయి "ఓ మోస్తరు వర్షం" అనే ఒక్క మాటే మిగిలింది. ఏ మబ్బు రాబోతోందో మీకు తెలుసు. ఆ పేరు మాకూ చెప్పమని అడగడానికే ఈ ఉత్తరం.

పేరు చెబితే చాలా, జనానికి అర్థమవుతుందా అని మీరు అడగవచ్చు. అవుతుంది. మా ఊరి బడిలో ఎనిమిదో తరగతి పిల్లలకు ఒక్క నెలలో అర్థమైంది. ఎలా చెప్పానో రాస్తాను.

మీ భారత వాతావరణ శాఖ 1875లో మొదలైంది. దాని ముద్ర మీద ఒక సంస్కృత వాక్యం ఉంది: ఆదిత్యాత్ జాయతే వృష్టిః. సూర్యుడి వల్ల వాన పుడుతుంది అని. పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టాను. ఎండకు నేల కాలుతుంది, నేలను తాకిన గాలి వేడెక్కి తేలికై పైకి లేస్తుంది. పైన ఒత్తిడి తక్కువ కాబట్టి ఆ గాలి వ్యాకోచిస్తుంది, వ్యాకోచించి చల్లబడుతుంది. కిలోమీటరు పైకి పోతే దాదాపు పది డిగ్రీలు. ఒక ఎత్తుకు చేరేసరికి అందులోని తేమ ఇక ఆవిరిగా ఉండలేదు. గాలిలో కొట్టుకుపోయే దుమ్ము, పొగ, సముద్రపు ఉప్పు రేణువులను పట్టుకుని నీటి బిందువులుగా మారుతుంది. మబ్బు అడుగు ఎప్పుడూ కత్తెరతో కత్తిరించినట్లు సమతలంగా ఉండటానికి కారణం అదే. అంతవరకు గాలి కనిపించదు, ఆ గీత దాటితే కనిపిస్తుంది.

ఆ గీత ఎంత ఎత్తులో ఉందో పిల్లలే లెక్క కడతారు. అప్పటి గాలి వేడి నుంచి, ఏ ఉష్ణోగ్రతకు చల్లబడితే తేమ నీరవుతుందో ఆ అంకెను తీసివేసి, వచ్చినదాన్ని 125తో గుణిస్తే మీటర్లలో మబ్బు అడుగు ఎత్తు సుమారుగా వస్తుంది. మార్చిలో 38 డిగ్రీల ఎండ, తేమ 20 దగ్గర నీరవుతుందనుకోండి. పద్దెనిమిది గుణకారం 125, అంటే 2,250 మీటర్లు. అదే జులైలో 30, 25 అయితే 625 మీటర్లే. వానాకాలం మబ్బు తలమీదికి దిగివచ్చినట్లు ఎందుకు ఉంటుందో, వేసవి మబ్బు అందనంత ఎత్తున ఎందుకు ఉంటుందో ఆ గుణకారంలో తెలిసిపోయింది వాళ్లకు. వేసవిలో దూరాన మబ్బు నుంచి వానకాళ్లు దిగుతూ కనిపించి, నేలకు చేరకుండానే మాయమవుతాయి కదా. రెండు కిలోమీటర్లకు పైగా వేడి పొడిగాలిలో పడుతూ ఆ చినుకులు దారిలోనే ఆవిరైపోతున్నాయని ఒక అమ్మాయి నేను చెప్పకముందే చెప్పింది.

మబ్బులన్నీ ఎందుకు కురవవు అని అడిగారు. మబ్బులోని బిందువు వెంట్రుక మందం కన్నా చిన్నది. అలాంటివి సుమారు పది లక్షలు కలిస్తే ఒక వాన చినుకు. అవి ఒకదానితో ఒకటి ఢీకొని కలవాలంటే మబ్బుకు మందం కావాలి, వ్యవధి కావాలి. మన దగ్గర ఐదు కిలోమీటర్ల ఎత్తు దాటితే నీరు గడ్డకట్టే చలి ఉంటుంది. అంతకన్నా పైకి పెరిగిన మబ్బులో మంచు స్ఫటికాలు చుట్టూ ఉన్న తేమను లాక్కుని త్వరగా పెరిగి, బరువెక్కి, కిందికి జారుతూ కరిగి పెద్ద చినుకులవుతాయి. వేసవి గాలివాన చినుకు పెళ్లున తగలడం అందుకే.

మబ్బులకు పేర్లు పెట్టింది లండన్‌లో మందుల వ్యాపారం చేసుకునే ల్యూక్ హోవార్డ్ అనే ఆయన, 1802లో. ఏకిన దూదిలాంటి ఎత్తైన మబ్బు సిర్రస్, పోగుపడి పైకి పెరిగేది క్యుములస్, దుప్పటిలా పరుచుకునేది స్ట్రాటస్, కురిసేది నింబస్. వీటి కలయికలతోనే ఇప్పుడు ప్రపంచమంతా పది జాతులను లెక్కిస్తోంది. ఆయన వృత్తిరీత్యా శాస్త్రవేత్త కాదు, రోజూ ఆకాశం చూసిన మనిషి. మన పల్లెల్లో అలాంటివాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

నమ్మకం లేకపోతే వరదగుడి మాట తీసుకోండి. చంద్రుడి చుట్టూ వలయం కడితే మా పెద్దలు వరదగుడి కట్టిందంటారు. గుడి దూరంగా ఉంటే వాన దగ్గర, గుడి దగ్గరగా ఉంటే వాన దూరం అని కూడా అంటారు. చిన్నప్పుడు ఇది ఉత్త మాట అనుకునేవాణ్ని. ఇప్పుడు ఆలోచిస్తే ఒళ్లు జలదరిస్తుంది. దూరపు గుడి చంద్రుడి నుంచి 22 డిగ్రీల ఎడంలో ఉంటుంది. చెయ్యి బారచాచి జాన పెడితే బొటనవేలి కొన చంద్రుడి మీద, చిటికెన వేలి కొన ఇంచుమించు ఆ వలయం మీద ఉంటుంది. అది చాలా ఎత్తున పలుచగా పరుచుకున్న మంచు స్ఫటికాల మబ్బు కట్టే గుడి. సముద్రంలో వాయుగుండమో తుఫానో ఉంటే దాని పైనుంచి బయటికి చిమ్మే మబ్బు తరచుగా అదే. చంద్రుడికి అంటుకున్నట్టుండే చిన్న గుడి నీటి బిందువుల పలుచని మబ్బుది. దానికీ రాబోయే వానకూ పెద్ద సంబంధం ఉండదు. దూరదర్శిని లేని మనుషులు రెండు రకాల మబ్బులను జానెడు కొలతతో వేరు చేశారు. ఇలాంటి కళ్లున్న జనానికి మీరు "ఆకాశం మేఘావృతమై ఉంటుంది" అని చెప్పి ఊరుకుంటున్నారు.

మబ్బు ఎలా పుడుతుందో అన్నిచోట్లా ఒకేలా ఉండదని పిల్లలకు చూపడానికి పోయిన డిసెంబరులో పాడేరు దగ్గరి వంజంగి కొండకు తీసుకువెళ్లాను. తెల్లవారుజామున కొండ ఎక్కితే కాళ్ల కింద పాలసముద్రం. అక్కడ గాలి పైకి లేవలేదు. నిర్మలమైన చలి రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేసింది, దాన్ని అంటుకున్న గాలి చల్లబడి బరువెక్కి లోయలోకి జారింది, అక్కడే తేమ గడ్డకట్టినట్లు మబ్బైంది. పైన వెచ్చటి గాలి మూతలా ఉంది కాబట్టి అది లేవలేదు. ఎండ ఎక్కాక ఆ మూత విడిపోయి, మబ్బు ముక్కలై కరిగిపోయింది. ఇది ఒక్క చుక్క రాల్చని మబ్బు. తెలుగు నేల మీదే, ఒక బస్సు ప్రయాణంలో, ఇలాంటి పాఠాలు ఎన్ని ఉన్నాయో.

ఇక మీ పని గురించి. మీరు ఎంత దూరం వచ్చారో మా తరానికి తెలుసు. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడినప్పుడు సుమారు పదివేల మంది పోయారు. ఆ రోజుల్లో నేను కుర్రవాణ్ని, రేడియోలో ఆ వార్తలు విన్న ఇంటి నిశ్శబ్దం ఇప్పటికీ గుర్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదికి వచ్చేసరికి ఎప్పుడు, ఎక్కడ తీరం దాటుతుందో మీరు ముందే చెప్పారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడూ అంతే. చేలు మునిగాయి గాని, దివిసీమలా శవాల గుట్టలు లేవు. 2024 ఫిబ్రవరి 17న మన శ్రీహరికోట నుంచే ఇన్శాట్-3డీఎస్ అనే వాతావరణ ఉపగ్రహం పైకి వెళ్లింది. తిరుపతి పక్కన గాదంకిలో ఆకాశపు పొరలను శోధించే రాడార్ ఉంది. 2025 మేలో ఆరు కిలోమీటర్ల గడులతో లెక్కకట్టే భారత్ ఫోర్‌కాస్ట్ పద్ధతి వచ్చింది, అంతకు ముందు అది పన్నెండు కిలోమీటర్లు. ఇదంతా గర్వంగా పిల్లలకు చెబుతున్నాను.

కానీ వందల కిలోమీటర్ల తుఫానును పట్టుకునే వలలోంచి మా కొండ మీది మబ్బు జారిపోతుంది. ఉరుములు, పిడుగులతో కురిసే అలాంటి నిలువెత్తు మబ్బును క్యుములోనింబస్ అంటారు. దాని అడుగు కొద్ది కిలోమీటర్ల వెడల్పే ఉంటుంది. పుట్టి, పెరిగి, కురిసి, చచ్చిపోవడానికి గంట చాలు. ఆ గంటలోనే అది పదహారు కిలోమీటర్ల ఎత్తుకు పోయి, వాతావరణపు పైకప్పుకు తగిలి, ఇక పైకి పోలేక పక్కకు పరుచుకుంటుంది. నేను చూసిన దాగలి అదే. మచిలీపట్నం, విశాఖ, హైదరాబాదు, చెన్నై రాడార్లు దాన్ని చూస్తాయి. అయితే భూమి గుండ్రంగా ఉంది కాబట్టి, దూరం పోయే కొద్దీ రాడార్ కిరణం నేలకు ఎత్తుగా పోతుంది. అర డిగ్రీ పైకెత్తిన కిరణం రెండు వందల కిలోమీటర్ల అవతల నాలుగు కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. దాని కింద ఏం జరుగుతోందో అది చూడలేదు. అనంతపురం జిల్లా రైతు ఇలాంటి రాడార్లన్నిటికీ దూరంగా, పడమటి కనుమల వాననీడలో, ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వానతో వేరుశనగ పండిస్తున్నాడు. ఒక్క వాన ఎటు పోయిందన్నది అందరికన్నా ఎక్కువ అవసరం అతనికే.

కాబట్టి "రేపు మధ్యాహ్నం మూడింటికి ఫలానా ఊళ్లో వాన" అని చెప్పమని నేను అడగను. అది కుదరదని తెలుసు. ఒకరోజు ముందు ఏ రకం మబ్బు పుట్టే పరిస్థితి ఉందో మీకు తెలుస్తుంది. చివరి గంటలో ఆ మబ్బు ఎక్కడ లేచిందో మా కంటికి తెలుస్తుంది. ఈ రెంటినీ కలిపేది మీ సూచనలోని మాటే. ఆ మాట ఇలా ఉంటే ఎలా ఉంటుందో నేనే రాసి చూశాను:

"రేపు బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి, పడమటి పొడిగాలి పల్నాడు, ప్రకాశం జిల్లాల మీద కలుస్తున్నాయి. మధ్యాహ్నం రెండు తరువాత నల్లమల కొండల మీద మబ్బులు లేచి తూర్పుకు కదలవచ్చు. ఇది ముసురు కాదు, గాలివాన. నాలుగూళ్లలో ఒక ఊరికి పడవచ్చు, పడినచోట అరగంటలో గట్టిగా పడుతుంది, వడగళ్లకూ అవకాశం ఉంది. మధ్యాహ్నం పడమటి దిక్కు చూస్తూ ఉండండి. కాలీఫ్లవర్ పువ్వులా లేచిన మబ్బు తల నునుపుగా మారి మీ వైపు సాగితే, అరగంటలో కల్లాలు కప్పండి, చేలో ఉన్నవారు ఇళ్లకు చేరండి."

ఆరు వాక్యాలు. ఇందులో మీకు తెలియనిది ఏదైనా ఉందా? మీ నివేదికల్లో "ద్రోణి" (అల్పపీడనపు పొడవాటి పట్టీ), "ఉపరితల ఆవర్తనం" (పైగాలుల సుడి) అనే మాటలు రోజూ ఉంటాయి. అవి కారణాలు. ఆ కారణం వల్ల మా ఆకాశంలో ఏం కనిపిస్తుందో అన్న చివరి మెట్టు ఒక్కటే లేదు. ఆ రెండేళ్ల కిందటి ఉదయం నాకు ఈ ఆరు వాక్యాలు అంది ఉంటే నాలుగో రోజూ ఐదో రోజూ కాయను గుడ్డిగా కప్పే పనీ లేదు, గుడ్డిగా వదిలేసే పనీ లేదు. రెండున్నరకు ఆ అమ్మ చెప్పినప్పుడు లేచి పట్టాలు అందుకునేవాణ్ని. గంటా నలభై ఐదు నిమిషాల సమయం ఉంది నా చేతిలో.

కాయ పోతే మళ్లీ పండించుకుంటాం. పిడుగు సంగతి అలా కాదు. దేశంలో ఏటా రెండున్నర వేలమందికి పైగా పిడుగుపాటుకు చనిపోతున్నారు. 2018 ఏప్రిల్ 24న ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే పదమూడు గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయి. పిడుగు పడేది కూలీల మీద, గొర్రెల కాపరుల మీద, పత్తి తీసే ఆడవాళ్ల మీద. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన దామిని యాప్ చుట్టూ ఇరవై, నలభై కిలోమీటర్లలో పిడుగులు పడుతుంటే చెబుతుంది. మంచి పని. కాని పత్తి చేలోకి వెళ్లి చూడండి. ఆడవాళ్ల ఫోన్లన్నీ అన్నం క్యారేజీలతో పాటు ఒక సంచిలో, గట్టు మీద వేపచెట్టు కొమ్మకు వేలాడుతుంటాయి. హెచ్చరిక ఆ సంచిలో మోగుతుంది. వాన మొదలవగానే అందరూ పరుగెత్తేది ఆ చెట్టు కిందికే. మోగిన ఫోను కన్నా కంటికి కనిపించే మబ్బే వాళ్లకు దగ్గర. మెరుపు చూసిన దగ్గర నుంచి ఉరుము వినిపించే దాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే అన్ని కిలోమీటర్ల దూరం అని, ముప్పై సెకన్ల లోపు వస్తే చెట్టు కింద కాకుండా ఇంట్లోకి చేరాలని, ఆఖరి ఉరుము తరువాత అరగంట బయటికి రాకూడదని వాళ్లకు ఎవరైనా చెప్పారా? మా పంచాయతీ మైకులో నేను చెప్పించాను. మరుసటి వారం ఒక కాపరి బజారులో నన్ను ఆపి, "తొమ్మిది లెక్క వచ్చింది మాస్టారూ, గొర్రెలను వదిలేసి వాగు పక్క పంపుసెట్టు గదిలో దూరాను" అన్నాడు. గొర్రెలకూ ఏమీ కాలేదు.

టీవీ మిత్రులకు ఒక మాట. తెర నిండా ఎర్రటి అక్షరాలు, ఎప్పటివో ఎక్కడివో వరద దృశ్యాలు వేసి "కుండపోత" అని అరగంట చదివితే మాకు తెలిసేది ఏమీ లేదు. ప్రతి పెద్ద వాననూ మేఘ విస్ఫోటనం అనకండి. చిన్న ప్రాంతంలో గంటకు వంద మిల్లీమీటర్లు కురిస్తేనే ఆ మాట వాడాలి. ఆ పేరును మామూలు వానలకు ఖర్చుపెట్టేస్తే నిజంగా వచ్చిన రోజు ఎవరూ కదలరు. దానికి బదులు రాడార్ బొమ్మ వేసి, అది ఎన్ని గంటలకు తీసిందో చెప్పి, ఆ ఎర్రని మచ్చ ఏ మండలం మీద నుంచి ఏ మండలం వైపు పోతోందో రెండు నిమిషాలు వేలితో చూపండి. పసుపు, నారింజ, ఎరుపు హెచ్చరికలకు అర్థం ఏమిటో వారానికి ఒక్కసారైనా చెప్పండి.

అధికారులకు మరొక విన్నపం. నిన్న ఏం చెప్పారో, ఏం పడిందో మర్నాడు పక్కపక్కన పెట్టి ప్రకటించండి. ఉదయం ఎనిమిదిన్నరకు మీరు వాన కొలుస్తారు. తెలంగాణలో వెయ్యికి పైగా స్వయంచాలక కేంద్రాలు మండలాల వారీగా లెక్కలు ఇస్తున్నాయి. లెక్కకు కొదవ లేదు. చెప్పింది తప్పితే "ద్రోణి తూర్పుకు జరిగింది, అందుకే మబ్బు కొండ మీదే కరిగింది" అని ఒక్క వాక్యం రాయండి. తప్పు ఒప్పుకున్న వైద్యుడి మీద నమ్మకం పోదు. ఐదు రోజులు అదే సందేశం మార్చకుండా పంపితే మాత్రం పోతుంది. నాకు పోయింది. పద్నాలుగు క్వింటాళ్లు పోయింది అందువల్లనే.

ఈ ఫిబ్రవరి చివరికి మా కల్లాల్లో మళ్లీ కాయ పోస్తాం. ఆలోపు ఏదో ఒక్క జిల్లాకు, ఒక్క నెలపాటు, మబ్బు పేరు చెప్పి సూచన రాసి చూడండి. మా వంతు పని మేం మొదలుపెట్టాం. బడి ఆవరణలో వర్షమాపకం పెట్టించాను. ఎనిమిదో తరగతి పిల్లలు రోజూ మధ్యాహ్నం మూడింటికి మేడ ఎక్కి పడమటి ఆకాశం చూసి ఒక పెద్ద నోటుపుస్తకంలో రాస్తున్నారు. దాని ప్రతి ఈ ఉత్తరంతో జతచేశాను. తేదీ, మబ్బు రకం, లెక్కకట్టిన అడుగు ఎత్తు, కదిలిన దిక్కు, మర్నాడు ఉదయం కొలిచిన వాన, ఇలా ఐదు గడులు నింపారు. ఆరో గడి మీద "వాతావరణ కేంద్రం మాట" అని రాసి ఖాళీగా ఉంచారు. ఎప్పుడు నింపాలని రోజూ అడుగుతున్నారు.

ఇట్లు,
పల్నాడు జిల్లా నుంచి
ఒక మిరప రైతు, విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు